సప్తసాగర యాత్ర తొలి మజిలీ: చొల్లంగి నుంచి యానాం దాకా నడిపించే ఏర్పాటు ఎలా ఉంది

గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్రను ఇప్పుడు చాలామంది కారులోనో, నలుగురూ కలిసి మాట్లాడుకున్న వ్యానులోనో ముగించుకుంటున్నారు. ఆ యాత్రలో తొలి మజిలీని, అంటే చొల్లంగి నుంచి కోరంగి, తాళ్లరేవు మీదుగా యానాం వరకు ఉన్న దారిని, ఒక్క రోజులో కాలినడకన పూర్తి చేయిస్తామంటూ కాకినాడ పరిసరాలకు చెందిన కొందరు కలిసి ఒక ఏర్పాటు నడుపుతున్నారు. మనిషికి 1,400 రూపాయలు తీసుకుని, దారి చూపే ఇద్దరు మనుషులను, సంచులు మోసే చిన్న వ్యానును, స్నానానికి సంకల్పం చెప్పే పురోహితుణ్ణి, ఉదయం ఫలహారాన్ని, మధ్యాహ్న భోజనాన్ని, దారి పొడవునా మంచినీళ్లను సమకూరుస్తారు. చొల్లంగి అమావాస్య నాడు మా వదినతో కలిసి వీరి వెంట నడిచాను. ఇది చిన్న బృందం, పైగా మంచిచెడ్డలు రెండూ రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. ఈ దారిలో ఇలాంటి ఏర్పాటు ఎవరు చేసినా వారిని ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి ఈ సమీక్ష పనికొస్తే చాలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వీరికి నీటి సంగతి తెలిసినంతగా నేల సంగతి తెలియదు. స్నానం, తాగునీరు, తడిసిన కాళ్ల సంరక్షణ విషయంలో వీరు చూపిన శ్రద్ధ నేను మరెక్కడా చూడలేదు. ఏ దారిన నడిపించాలి, ఎక్కడ నీడ దొరుకుతుంది, ఎప్పుడు తినాలి, ఆడవాళ్లు ఎక్కడ ఆగాలి అన్న విషయాల్లో మాత్రం ఆలోచన చాలలేదు.

యాత్ర గురించి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. గౌతముడు తెచ్చిన గోదావరిని ఋషులు ఏడు పాయలుగా చీల్చి సముద్రానికి తీసుకుపోయారని మన పెద్దలు చెప్పే కథ. తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ అన్నవి ఆ ఏడు పేర్లు. ఈ రోజు కోనసీమను చీలుస్తూ పారే వైనతేయ పాయ ఎంత పెద్దదైనా ఈ లెక్కలోకి రాదు. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగి దగ్గర తుల్యభాగ సంగమంలో మునిగి బయలుదేరి, ఒక్కో పాయ దగ్గరా స్నానం చేసుకుంటూ, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది చేరుకోవడం, అక్కడ లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం చూసుకుని యాత్ర ముగించడం ఆనవాయితీ. ఆ ఏకాదశినే మనం భీష్మ ఏకాదశి అంటాం. సంతానం కోరుకునే దంపతులు ప్రత్యేకంగా ఈ యాత్ర చేసేవారు. వంతెనలు లేని రోజుల్లో ఈ డెల్టాలో రేవుకో పడవ ఎక్కనిదే యాత్ర సాగేది కాదు కాబట్టి, ఇందులో నడక ఎంతో పడవ ప్రయాణమూ అంతే. ఆ పదకొండు రోజుల యాత్రలో తొలి రోజు దారినే వీరు అమ్ముతున్నారు. రహదారి మీద లెక్కేస్తే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, స్నానఘట్టాలకు లోపలికి వెళ్లి రావడం కలుపుకుంటే ఇంకా ఎక్కువ.

ముందుగా చొల్లంగి స్నానం గురించి. ఇది ఈ ఏర్పాటులో అన్నిటికంటే బాగున్న భాగం. తుల్యభాగ పేరుకు పుణ్యనది అయినా, ఇరిగేషన్ కాగితాల్లో అది తుల్యభాగ డ్రెయిన్. ద్రాక్షారామం వైపు చేల నుంచి దిగిన నీరంతా మోసుకుని వచ్చి చొల్లంగి దగ్గర ఉప్పునీటిలో కలుస్తుంది. అమావాస్య నాడు సూర్యచంద్రులు ఒకే వరుసలో లాగడం వల్ల సముద్రం పోటు ఎంత బలంగా ఎక్కుతుందో, ఆటు కూడా అంత బలంగా దిగిపోతుంది. అందుకే తెల్లవారుజామునే వచ్చి దిగినవారికి నీళ్లకు బదులు మోకాలి లోతు ఒండ్రు ఎదురవుతుంది. మేము వెళ్లేసరికి అక్కడ వందలమంది ఆ బురదలోనే చెంబులతో నీళ్లు తోడి నెత్తిన పోసుకుంటున్నారు. మమ్మల్ని మాత్రం దారి చూపే పెద్దాయన గట్టు మీదే ఆపేశారు. "ఆయ్, నీళ్లింకా రాలేదండి. పోటెక్కాక దిగుదురు గాని, కంగారు పడకండి" అన్నారు. ఆయన వేట మానేసిన మత్స్యకారుడు. గడియారం చూడలేదు. గట్టు దిగువన పాతిన ఒక వెదురు కర్రకు ఎంత మేర తడి ఎక్కిందో చూస్తూ కూర్చున్నారు.

తెల్లవారిన తరువాత చాలాసేపటికి నీరు కదలడం మొదలైంది. అప్పటిదాకా సముద్రం వైపు మందంగా జారుతున్న కాలువ ఒక్కచోట నిలబడినట్టై, నురగ, ఎండుటాకులు, ఎవరో వదిలిన బంతిపూలు వెనక్కి ఊరి వైపు ప్రయాణం కట్టాయి. కర్ర చుట్టూ నీరు పైకెక్కి, అంతకు ముందు బయటపడి ఉన్న మడ మొక్కల వేళ్లు ఒకటొకటిగా మునిగిపోయాయి. అప్పుడు దిగమన్నారు. నడుము లోతు నీరు, కాలి కింద గట్టి నేల, పట్టుకోవడానికి వారు కట్టిన తాడు. సంకల్పం కూడా హడావిడి లేకుండా, గోత్రనామాలు అడిగి మరీ చెప్పించారు. తండ్రి లేనివారు పక్కన కూర్చుని తర్పణాలు విడవడానికి చాపలు వేసి ఉంచారు. పురోహితునికి సంభావన విడిగా ఇవ్వాలని ముందే చెప్పారు, ఇంత ఇమ్మని మాత్రం అడగలేదు.

స్నానం తరువాత చేసిన ఏర్పాటు గురించి ప్రత్యేకంగా రాయాలి. ఉప్పునీటిలో మునిగి, ఆ ఉప్పుతోనే నడక మొదలుపెడితే కోరంగి చేరకముందే తొడలు ఒరుసుకుపోతాయి. ఒండ్రు వేళ్ల సందుల్లో ఉండిపోతే అది ఎండి, రాపిడికి బొబ్బలెక్కుతుంది. వీరు వ్యానులో రెండు పెద్ద డ్రమ్ములతో బోరు నీళ్లు తెచ్చి, ఒక్కొక్కరికీ బకెట్టు చొప్పున ఇచ్చి, ఒళ్లంతా మంచినీళ్లతో మళ్లీ కడుక్కోమన్నారు. ఆ తరువాత గట్టు మీద బల్ల వేసి వరుసగా కూర్చోబెట్టి, కాలి వేళ్ల మధ్య పాత నూలుగుడ్డతో తుడుచుకోవడం, కొబ్బరినూనె పలచగా రాసుకోవడం, అది ఇంకాక పొడి మేజోళ్లు తొడుక్కోవడం ఎలాగో చూపించారు. పుణ్యానికి వచ్చి కాళ్ల గురించి ఇంత గొడవేమిటని వెనక ఒకాయన విసుక్కున్నారు. సాయంత్రం తాళ్లరేవు దాటాక వ్యాను ఎక్కినవారిలో ఆయన ఉన్నారు. మా వదిన కాళ్లకు చివరి దాకా ఒక్క బొబ్బ కూడా రాలేదు. కోరంగి దగ్గర రెండో స్నానం తరువాతా ఇదే క్రమం పాటించారు. అసలు ధరలో సగం దీనికే ఇచ్చేశానని అనుకున్నాను.

ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి పెట్టిన ఏర్పాటు మాత్రం నాలుగు కర్రలకు చుట్టిన టార్పాలిన్ గది ఒక్కటే. పాతికమందిమి ఉన్నాం, అందులో సగానికి పైగా ఆడవాళ్లం. దాని ముందు నిలబడడంలోనే చాలా సమయం పోయింది. తీర్థానికి వచ్చిన బయటివారు కూడా అందులోకే వస్తుంటే కాదనలేకపోయారు, అనకూడదు కూడా. ఇంకో రెండు టార్పాలిన్లు తెచ్చుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక్కడి నుంచి రోజు లెక్క తప్పడం మొదలైంది. పోటు వచ్చేదాకా ఆగడం సరైన పనే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆటుపోట్ల వేళలు ముందే లెక్కకట్టి ప్రచురించే పట్టికలు ఉన్నాయి, చొల్లంగి అమావాస్య ఏ రోజో పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. పోటు ఎప్పుడొస్తుందో వీరికి తెలుసు. తెలిసీ తెల్లవారుజామున నాలుగింటికే అందరినీ రప్పించి, ఖాళీ కడుపుతో గట్టు మీద చలిలో కూర్చోబెట్టడం ఎందుకో అర్థం కాలేదు. ఆ వేళలో తర్పణాలు లేనివారికి ఫలహారమైనా పెట్టి ఉండవచ్చు, ఊరిలోని శివాలయ దర్శనమైనా చేయించి ఉండవచ్చు. రెండూ స్నానం తరువాతే పెట్టారు. దానితో చల్లని పొద్దు అంతా కూర్చోవడానికి, ఎండ అంతా నడవడానికి మిగిలింది.

ఫలహారం బాగుంది. వేడి ఇడ్లీలు, అల్లప్పచ్చడి, పెసరట్టు మధ్యలో ఉప్మా. ఉల్లిపాయ లేకుండా చేశారు. పెసరట్టు పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వచ్చింది. నడిచేవారికి ఇంతకు మించిన టిఫిన్ అక్కరలేదు.

ఇక దారి. చొల్లంగి నుంచి కోరంగి దాకా వీరు నడిపించింది అచ్చంగా 216వ నంబరు జాతీయ రహదారి అంచునే. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట వెళ్లే ఈ రోడ్డు మీద రొయ్యల కంటైనర్లు, ఇసుక లారీలు, కాకినాడ బస్సులు ఆగకుండా తిరుగుతుంటాయి. అమావాస్య నాడు వాటికి తోడు తీర్థానికి వచ్చే ఆటోలు, బైకులు. రోడ్డు అంచు కొన్నిచోట్ల రెండడుగుల వెడల్పు కూడా లేదు. మెరుపు పట్టీల జాకెట్లు ఇచ్చారు, ముందొకరు వెనకొకరు ఎర్రజెండా పట్టుకుని నడిచారు, ఒంటివరుసలో నడవాలని పదేపదే హెచ్చరించారు. భద్రత విషయంలో వారిని తప్పుపట్టలేను. అయితే వాహనాలకు ఎదురుగా కుడివైపున నడవాల్సింది పోయి, కొంతదూరం ఎడమవైపునే నడిపించారు. వెనక నుంచి వచ్చే లారీ కనపడని వరుసలో భజన చేస్తూ నడవడం నాకు సుఖంగా అనిపించలేదు. అడిగితే, కుడివైపున నీడ లేదన్నారు. ఎడమవైపున మాత్రం ఉన్నదేమీ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడే చెట్లు పోయినట్టున్నాయి.

మధ్యలో కోరంగి అభయారణ్యం దగ్గర ఆపి, మడ అడవిలో అటవీశాఖ వేసిన చెక్క వంతెన మీద నడిపించడం వీరి కార్యక్రమంలో భాగం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్ల మేర, గోదావరి పాయలు సముద్రంలోకి విడిపోయే చోట పరచుకుని ఉంటుంది. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్లను, పాలు కంట్లో పడితే చూపు పోతుందని వేటగాళ్లు భయపడే తిల్ల చెట్టును, ఉప్పుపొన్న కొమ్మలకు వేలాడే పొడవాటి మొలకలను పెద్దాయన చేత్తో చూపిస్తూ చెప్పారు. ఆ మొలక చెట్టు మీదే పెరిగి, రాలినప్పుడు నిటారుగా బురదలో దిగబడి, అక్కడే పాతుకుంటుందట. బావురు పిల్లులు, నీటికుక్కలు ఈ అడవిలో ఉంటాయి కానీ పట్టపగలు అంత జనంలో అవి బయటికి వచ్చే అవకాశం లేదు. పర్యాటకంగా చూస్తే ఇది మంచి చోటే. కానీ నడక రోజున దీనికి చోటు లేదని నా నమ్మకం. టిక్కెట్ల వరుస, ఫొటోల గుంపు, పిల్లల అరుపులు కలిసి గంటకు పైగా తినేశాయి. మడ అడవిని ఇంకో రోజు తీరిగ్గా చూడవచ్చు, పోయిన నీడవేళను తిరిగి తెచ్చుకోలేం.

కోరంగి ఊరి దగ్గర ఆత్రేయ స్నానం. ఇక్కడ నీరు చొల్లంగి కంటే శుభ్రంగా ఉంది, జనమూ తక్కువే. ఈ ఊరి చరిత్రను మాకు చెప్పిన తీరు ఆకట్టుకుంది. ఒకప్పుడు ఓడలు కట్టి, ఓడలు బాగుచేసి, సముద్రం మీదికి పంపిన రేవు ఇది. 1789లో ఒక ఉప్పెన, 1839 నవంబరులో అంతకంటే పెద్ద ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చిపెట్టాయి. రెండోదాని తరువాత రేవు మళ్లీ మునుపటి స్థితికి రాలేదు. బర్మాకు కూలికి వెళ్లిన మన తెలుగువారిని అక్కడివారు ఈ ఊరి పేరుతోనే కోరంగీలని పిలిచేవారు. ఇదంతా పుస్తకం అప్పజెప్పినట్టు కాకుండా, నది మలుపు చూపిస్తూ, ఓడలు ఎక్కడ నిలిచేవో, పూడిక ఎలా మేటవేసిందో చూపుతూ చెప్పారు. రంగూన్‌లో పని చేసి వచ్చిన తాతల కబుర్లు మా బృందంలో ఇద్దరి ఇళ్లలో ఉన్నాయని తెలిసింది. వారి మాటలతో అక్కడ ఇంకో అరగంట పోయింది గాని, ఆ ఆలస్యాన్ని నేను లెక్కలో వేయను.

కోరంగి నుంచి యానాం దాకా ఉన్న రెండో సగంలోనే ఈ ఏర్పాటు తన అసలు అవకాశాన్ని వదులుకుంది. ఆత్రేయ పాయ, అంటే కోరంగి నది, యానాం దగ్గరే గౌతమి నుంచి చీలుతుంది. కాబట్టి చొల్లంగిలో స్నానం చేసి, కోరంగిలో ఆత్రేయలో మునిగి, యానాం దాకా నడిచే మనిషి నిజానికి ఆ పాయకు ఎదురు నడుస్తూ, అది తల్లినది నుంచి విడిపోయే చోటికి చేరుకుంటాడు. ఈ మజిలీకి ఇంతకంటే అందమైన అర్థం ఏముంటుంది? ఆ మాట దారిలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే పోనీ, నది కనపడే దారినైనా నడిపించలేదు. కోరంగి దాటాక కొబ్బరితోటల మధ్య నుంచి, చేల గట్ల మీద నుంచి వెళ్లే పంచాయతీ రోడ్లు ఉన్నాయి. తాళ్లరేవుకు ముందు వ్యాను టైరు పంక్చరై ఆగిన కాసేపు మమ్మల్ని అలాంటి ఒక దారిలోకి మళ్లించారు. ఆ రోజు మొత్తంలో నేను నడక అని పిలవగలిగినది ఆ ముక్కే.

ఒక పక్క దాళ్వా నాట్లు పడుతున్న చేలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. చెరువుల్లో ఏరేటర్ల చక్రాలు నీటిని చిలుకుతున్న చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. నాట్లు వేసే ఆడవాళ్లు నడుము ఎత్తి, ఎక్కడికని అడిగారు. యాత్రకని చెప్తే, "ఏడు చోట్లా మునుగుతారా అమ్మా? మా అత్తగారు పడవ మీద వెళ్లొచ్చారండి" అంది ఒకావిడ. గట్టు మీద కుంపటి పెట్టి తేగలు కాలుస్తున్న పిల్లవాడి దగ్గర కట్ట కొన్నాం. వేడి తేగ నడిమికి చీల్చి, చందమామ ముక్క పక్కకు తీసి, పీచు వలుచుకుంటూ నడిచాం. పంక్చరు పని అయిపోగానే మళ్లీ అందరినీ హైవే ఎక్కించారు. వ్యాను వెంట ఉండాలంటే పెద్ద రోడ్డు తప్పదన్నారు. సంచుల కోసం మనుషుల దారి మార్చే బదులు, వ్యానును తరువాతి ఊరి దగ్గర నిలబెట్టి, ఈ ముక్కను చిన్న దారిన నడిపించవచ్చు. నీళ్ల సీసా ఒకటి చేతిలో ఉంటే గంటసేపు వ్యాను లేకుండా నడవలేనివారు మాలో ఎవరూ లేరు.

భోజనం తాళ్లరేవులో, ఒక తోటలో. వంట చాలా బాగుందని చెప్పకపోతే అన్యాయం. అరిటాకులో ఆవపెట్టిన కందా బచ్చలి కూర, తోటకూర పప్పు, గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు. కంద సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుంది. ఇక్కడ ముక్క నాలుక మీద పెట్టగానే కరిగింది, ఆవ ఘాటు ముక్కుకు తెలిసేంతే ఉంది. మారు అడగకముందే వడ్డించారు. చిక్కు ఏమిటంటే, ఇదంతా పెట్టింది మధ్యాహ్నం మూడు దాటాక. ఆకలి మీద ఉన్నవాళ్లం, గోదావరి వాళ్ల వడ్డన, ఎవరు మాత్రం తక్కువ తింటారు? పప్పు, దప్పళం, పెరుగు వరుసగా దిగాక యానాం ఇంకా గంటన్నరకు పైగా నడక ఉంది. ఆరుగురు నేరుగా వ్యాను ఎక్కేశారు. మిగిలినవారం గడియారం ముల్లు వెనక నడిచినట్టు నడిచాం. నా సలహా: మధ్యాహ్నానికి పులిహోర, దద్ధోజనం, మజ్జిగ చాలు. ఈ విందు భోజనాన్ని రాత్రి యానాంలో పెడితే దాని విలువా నిలుస్తుంది, కాళ్లూ నిలుస్తాయి.

తాగునీటి విషయంలో మళ్లీ మెచ్చుకోవాలి. ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు వ్యాను ఆపి నీళ్లు, మజ్జిగ, అడిగినవారికి ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చారు. ప్లాస్టిక్ సీసాలు పంచలేదు, ఎవరి సీసా వారు తెచ్చుకోవాలని ముందే చెప్పారు. ఉప్పునీటి ఊళ్లలో చేతిపంపు నీరు ఎక్కడ తియ్యగా ఉంటుందో, ఎక్కడ చౌటగా ఉంటుందో పెద్దాయనకు ఊరూరా తెలుసు.

మరుగుదొడ్ల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్లకు పనికొచ్చేవి దొరికింది అభయారణ్యం దగ్గర, భోజనం పెట్టిన తోట యజమాని ఇంట్లో, అంతే. మధ్యలో అడిగితే పెట్రోలు బంకు వస్తుందన్నారు. వచ్చింది, తాళం వేసి ఉంది. దీని భయంతో మాలో కొందరు నీళ్లు తాగడమే తగ్గించారు. ఎండలో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. నీళ్లు అంత శ్రద్ధగా ఇచ్చేవారు దాని తరువాతి సంగతి కూడా ఆలోచించాలి కదా. దారిలో ముందే మాట్లాడి పెట్టుకున్న రెండు ఇళ్లు చాలు. ఈ ఊళ్లలో యాత్రకు వెళ్లే ఆడవాళ్లను కాదనే ఇల్లు ఉండదు.

తాళ్లరేవు తరువాత ఇంజరం, నీలపల్లి వైపు చరిత్ర చాలా ఉంది. 1708లోనే ఇంగ్లీషువారు ఇంజరంలో వర్తకపు కోఠీ పెట్టి, చుట్టుపక్కల నేతగాళ్ల చేత సన్నని బట్ట నేయించి ఓడల్లో పంపేవారు. కోరంగి దగ్గర అంత చక్కగా మాట్లాడిన మనుషులు ఇక్కడ ఒక్క మాట కూడా చెప్పకుండా వేగంగా నడిపించేశారు. పొద్దు వాలిపోతోంది కాబట్టి వారి కంగారు అర్థమైంది. జనవరి నెలాఖరు దగ్గర ఇక్కడ ఆరుగంటలకే చీకటి పడుతుంది, హైవే అంచున చీకట్లో పాతికమందిని నడిపించడం ఎవరికైనా భయమే. చివరి రెండు కిలోమీటర్లు టార్చిలైట్లతోనే నడిచాం. ఉదయం పోగొట్టుకున్న వేళకు మేము ఇక్కడ వడ్డీ కట్టాం.

యానాం చేరాక ఏర్పాట్లు మామూలుగా ఉన్నాయి. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగమైన ఈ పట్టణంలో అడుగు పెట్టగానే రోడ్డుకు రెండు వైపులా మద్యం దుకాణాల దీపాలు స్వాగతం పలుకుతాయి. యానాం నడిచి వెళ్తున్నామని చెప్పినప్పుడు మా బంధువుల్లో మగవాళ్లు ఎందుకు నవ్వారో మా వదినకు అప్పుడు అర్థమైంది. నడక ముగిసేదాకా మద్యం ముట్టకూడదన్నది బృందం నియమం. అది గట్టిగానే పాటించారు. మీసాల వెంకన్నగా పేరుపడ్డ వేంకటేశ్వరస్వామి దర్శనం చేయించి, గౌతమి ఒడ్డుకు తీసుకెళ్లి దీపాలు వదిలించారు. ఆత్రేయ చీలే చోటు ఆ దరిదాపుల్లోనే ఉందని నేనే పక్కవారికి చెప్పాల్సి వచ్చింది. చీకట్లో ఏమీ కనపడలేదు. పగలు చేరి ఉంటే రోజంతా నడిచిన నీటి దారి కళ్ల ముందు ఉండేది.

తిరుగు ప్రయాణం ధరలో కలిసి లేదు. ఆ సంగతి ముందుగా స్పష్టంగా చెప్పలేదు. యానాం నుంచి కాకినాడకు బస్సులు బాగానే ఉన్నాయి, దూరం కూడా ముప్పై కిలోమీటర్లలోపే. అయినా తీర్థం రోజు రాత్రి నిలబడే చోటు కూడా దొరకలేదు. పెద్దవాళ్లతో వచ్చేవారు ముందే వాహనం మాట్లాడుకోవడం మంచిది.

డబ్బుకు తగిన సేవేనా అంటే, నడక అలవాటు లేనివారికి, వయసు మళ్లినవారికి, స్నానం క్రమంగా చేయాలనుకునేవారికి తగినదే. పోటు చూసి దింపే మనిషి, మంచినీళ్ల డ్రమ్ములు, అలసినవారిని ఎక్కించుకునే వ్యాను మనంతట మనం సమకూర్చుకుంటే ఇంతకంటే ఎక్కువే అవుతుంది. అలవాటైన నడకగాళ్లు మాత్రం ఆటుపోట్ల వేళ చూసుకుని, కాకినాడలో బస్సెక్కి చొల్లంగిలో దిగి, కోరంగి దాకా రోడ్డున, ఆపైన ఊళ్ల దారుల్లో అడుగుతూ నడిస్తే ఇంతకంటే మంచి రోజు గడుపుతారు. అమావాస్య నాడే స్నానం చేయాలన్న పట్టింపు లేకపోతే ఇంకో రోజు ఎంచుకోవడం మేలు. రోడ్డు మీద జనం సగానికి సగం తగ్గుతారు. ఎవరు వెళ్లినా పాతబడి కాళ్లకు అమరిన బూట్లు, రెండు జతల మేజోళ్లు, ఆరే నూలుబట్టలు, అంచు వెడల్పున్న టోపీ, చిన్న టార్చి తప్పనిసరి. చొల్లంగి ఒండ్రులో గుల్లలుంటాయి కాబట్టి స్నానానికి పాత రబ్బరు చెప్పులు కూడా ఉండాలి.

వచ్చే మాఘంలో యానాం నుంచి ముందుకు, 2002లో తెరిచిన బాలయోగి వంతెన మీదుగా గౌతమి దాటి రెండో మజిలీ కూడా మొదలుపెడతామని వీరు అంటున్నారు. ఏ దారిన నడిపిస్తారో, ఏ వేళకు ఎక్కడ ఉంటారో, ఆడవాళ్లు ఎక్కడెక్కడ ఆగవచ్చో రాసిన కాగితం డబ్బు కట్టకముందే ఇమ్మని అడిగాను. ఇస్తామన్నారు. అది చేతికి వచ్చాకే మా వదినకు, నాకు రెండు పేర్లు రాయిస్తాను.